బెంగళూరులో ఒక్క పూట చెట్టు కింద కూర్చోవాలి: లాల్‌బాగా, కబ్బన్ పార్కా? (అమ్మతో, ఆవిడ మోకాళ్లతో)

విమల_సత్తెనపల్లి

పోయినసారి జరిగింది ముందే చెప్పేస్తాను. లేకపోతే పది మంది వచ్చి "లాల్‌బాగ్ వెళ్లండి, ప్రశాంతంగా ఉంటుంది" అని అదే మాట అంటారు.

నిరుడు జనవరిలో తమ్ముడి ఇంటికి బెంగళూరు వచ్చాం. సెలవు రోజు కదా అని అమ్మని తీసుకుని లాల్‌బాగ్ వెళ్లాను. ఆ రోజు 26వ తేదీ. పూల ప్రదర్శన చివరి రోజులు. తప్పు నాదే, కనుక్కోకుండా బయల్దేరాను. గాజు మేడ దగ్గర పూల కన్నా పైకెత్తిన ఫోన్లే ఎక్కువ కనిపించాయి. జనం తోసుకెళ్తుంటే మేమూ ముందుకు వెళ్లాం తప్ప మా కాళ్లతో మేం నడిచింది లేదు. అది చాలదన్నట్టు ఒక గేటులోంచి లోపలికి వెళ్లి ఇంకో గేటులోంచి బయటపడ్డాం. తమ్ముడేమో కారు పెట్టుకుని మూడో గేటు దగ్గర నిలబడ్డాడు. అమ్మ ఫుట్‌పాత్ మీద కూలబడి "తోట అని చెప్పి తిరణాలకి తీసుకొచ్చావేమే" అంది. ఆ రాత్రంతా నాకు తలనొప్పి.

ఇప్పుడు ఫిబ్రవరి ఆఖరి వారంలో తమ్ముడి గృహప్రవేశం, వైట్‌ఫీల్డ్‌లో. మూడు రోజులు చుట్టాలు, వంటలు, అలకలు. అది అయ్యాక తిరుగు ప్రయాణానికి ముందు ఒకే ఒక్క పూట ఖాళీ. మాల్ వద్దు. అమ్మకి 68 ఏళ్లు, మోకాళ్లు అరిగాయి, అరగంట కంటే నడవలేదు. చెట్టు నీడన కూర్చుని ఇద్దరం ఊపిరి తీసుకోవాలి, అంతే. ఎక్కడికి వెళ్లాలి?

జయనగర్_జాజి

జనవరి 26కి, ఆగస్టు 15కి లాల్‌బాగ్ వెళ్లడమంటే సంక్రాంతి ముందు రోజు బస్టాండులో కునుకు తీద్దామనుకోవడమే అక్కా. ఆ రెండు ప్రదర్శనలూ వదిలేసి మామూలు మంగళవారమో బుధవారమో పొద్దున ఆరున్నరకి వెళ్లి చూడండి. అదే తోట, వేరే లోకం.

సాఫ్ట్‌వేర్_సన్యాసి

కబ్బన్ పార్క్. రెండో మాట లేదు.

జయనగర్_జాజి

కారణం కూడా చెప్పు నాయనా.

సాఫ్ట్‌వేర్_సన్యాసి

వైట్‌ఫీల్డ్ నుంచి పర్పుల్ లైన్ మెట్రో ఎక్కితే నేరుగా కబ్బన్ పార్క్ స్టేషన్‌లోనే దిగొచ్చు. మారే పనే లేదు. లాల్‌బాగ్‌కి అయితే మెజెస్టిక్‌లో దిగి గ్రీన్ లైన్‌కి మారాలి. ఆ మారే నడకలోనే అమ్మగారి అరగంట కోటా అయిపోతుంది. కబ్బన్‌కి టికెట్ కూడా లేదు. ఇంకేం కావాలి?

వరంగల్_వాకర్

సన్యాసి చెప్పింది కరెక్టే కానీ ఒక్కటి చూసుకోండి. ఆ స్టేషన్ పక్కనే క్రికెట్ స్టేడియం. మ్యాచ్ ఉన్న రోజు వెళ్లారంటే మళ్లీ తిరణాలే.

విమల_సత్తెనపల్లి

ఇది నాకు తట్టనే తట్టదు, థాంక్స్ అండి. తేదీలు చూస్తాను. నిరుడు నేర్చుకున్న పాఠం అదొక్కటే.

లజ్_కార్నర్_మద్రాసు

బెంగళూరు వాళ్లు తోటల గురించి మాట్లాడుకుంటుంటే మేం చూస్తూ ఊరుకోవాలా? విమల గారూ, మీరు తలనొప్పి అన్నారు కాబట్టి చెబుతున్నా. మద్రాసులో మా లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కు ఉంది. ఎవరనుకున్నారు? మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారే. ఆంధ్రపత్రిక ఆయనది, అమృతాంజనం ఆయనది. తలనొప్పి వచ్చాక ఆయన డబ్బీ, రాకముందే ఆయన పార్కు.

కడియం_మొక్కలబ్బాయి

హహ్హహ్హ. ఇది మా తాతకి చెప్పాలండి. ఇప్పటికీ జేబులో పచ్చ డబ్బీ లేకుండా గడప దాటడు.

సాఫ్ట్‌వేర్_సన్యాసి

లజ్ బాబాయ్, అక్క వచ్చేది బెంగళూరు. మద్రాసు కాదు.

లజ్_కార్నర్_మద్రాసు

తెలుసులే. మా ఊరి పార్కుల మీద తెలుగువాళ్ల పేర్లు ఉన్నాయని గుర్తు చేశానంతే. టీ నగర్‌లో పానగల్ పార్కు కూడా అలాంటిదే. పానగంటి రామరాయణింగారు, పానగల్లు రాజా, 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాష్ట్రాన్ని నడిపిన మనిషి. ఇప్పుడు ఆ పార్కు ఎవరికి ఎక్కువ పనికొస్తుందంటే, పెళ్లి చీరలు కొనే ఆడవాళ్ల వెనక సంచులు మోసి సొమ్మసిల్లిన మగవాళ్లకి. నేను అక్కడ మూడు సార్లు ప్రాణం నిలబెట్టుకున్నాను.

బాటనీ_టీచరమ్మ

పదవీ విరమణ అయ్యాక బెంగళూరులో కూతురి దగ్గర ఉంటున్నాను. లాల్‌బాగ్‌కి వారానికి రెండు సార్లైనా వెళ్తాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపికున్నవాళ్లు చదవండి.

హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట అది. టిప్పు సుల్తాన్ దూరదేశాల నుంచి మొక్కలు తెప్పించి పెంచాడు. ఇప్పుడు 240 ఎకరాలు. గాజు మేడకి 1889లో పునాది వేశారు, లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు భవనం చూసి. 1908లో క్రుంబీగల్ అనే జర్మన్ ఆయన వచ్చాడు. లండన్‌లో క్యూ గార్డెన్స్ అనే పెద్ద బొటానికల్ గార్డెన్‌లో పనిచేసి, బరోడా తోటలు చూసి, ఇక్కడికి వచ్చి ఇక్కడే కన్నుమూసిన మనిషి. బెంగళూరు వీధుల్లో ఒక చెట్టు పూత అయిపోగానే ఇంకో చెట్టు అందుకునేలా నాటించాలన్న ఆలోచన ఆయనదని చెబుతారు. మీరు వచ్చేది ఫిబ్రవరి ఆఖరు కదా, పసుపు తబెబూయా పూసే కాలం. ఆకు ఒక్కటి ఉండదు, చెట్టంతా పసుపు ముద్ద. రైల్లోంచి చూసినా తెలుస్తుంది. తర్వాత నీలి జకరండా, ఆ తర్వాత ఎర్ర తురాయి.

ఇంక మీ అమ్మగారి సంగతి. లాల్‌బాగ్ మొత్తం చూద్దామని మాత్రం బయల్దేరకండి. నడవలేనివాళ్ల కోసం లోపల బ్యాటరీ బండ్లు ఉన్నాయి, టికెట్ తీసుకుంటే ఒక చుట్టు తిప్పి చూపిస్తారు. కానీ నా సలహా అది కూడా కాదు. ఒక్క చెట్టు ఎంచుకోండి. పెద్ద తెల్లబూరుగు ఒకటి ఉంది, వేళ్లు నేల మీద గోడల్లా లేచి ఉంటాయి, పిల్లలు వాటి మధ్య దాక్కుంటారు. దాని ముందు అరగంట కూర్చోండి. బోర్డు మీద పేరు చదవండి. పేరు తెలిసిన చెట్టు చుట్టంలాంటిది, మళ్లీ కనిపిస్తే పలకరిస్తాం.

సాఫ్ట్‌వేర్_సన్యాసి

టీచర్ గారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నా, పేర్లు చదవడం మొదలుపెడితే మళ్లీ పనే. రోజంతా స్క్రీన్ మీద అక్షరాలు చదివి చదివి వచ్చినవాడికి చెట్టు మీద కూడా లాటిన్ అక్షరాలా? రెండేళ్ల కింద నాకు నిద్ర పట్టేది కాదు, గుండె దడ, ఆఫీసు మెయిల్ వస్తే చెమటలు. డాక్టర్ మందు ఇచ్చారు, మందుతో పాటు రోజూ కాసేపు బయట కూర్చోమన్నారు. మా ఆఫీసు కబ్బన్‌కి దగ్గర. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని వెదురు పొదల దగ్గర కూర్చునేవాణ్ణి. గాలికి వెదురు ఒకదానికొకటి రాసుకుని కిర్రుమంటుంది చూడండి, ఆ చప్పుడు వినడమే నా పని. ఆ వెదురు ఏ జాతో నాకు ఇప్పటికీ తెలీదు, తెలుసుకోను కూడా.

బాటనీ_టీచరమ్మ

తెలుసుకోకపోతే దానికి నష్టమేం లేదులే బాబూ. నిద్ర పడుతోందా ఇప్పుడు?

సాఫ్ట్‌వేర్_సన్యాసి

పడుతోంది అండి. పార్కు వల్లా, మందు వల్లా, ఆ మేనేజర్ మారడం వల్లా అంటే మాత్రం చెప్పలేను.

వరంగల్_వాకర్

మూడోదే అయ్యుంటది.

లెక్కల_మాస్టారు

ఇలాంటివాటి మీద పరిశోధనలు జరిగాయి. 1984లో రోజర్ ఉల్‌రిక్ అనే ఆయన ఒక అమెరికా ఆస్పత్రి రికార్డులు తీసి చూశాడు. పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ కనిపించినవాళ్లు, 23 జతలు. చెట్లు కనిపించినవాళ్లు కొంచెం ముందే ఇంటికి వెళ్లారు, ఘాటు నొప్పి మందులు తక్కువ వాడారు. 2019లో ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మంది వివరాలతో ఇంకో పరిశోధన వచ్చింది. వారానికి 120 నిమిషాలు పచ్చని చోట గడిపేవాళ్లలో ఆరోగ్యం బాగుందని చెప్పినవాళ్లు ఎక్కువ. ఒకేసారి రెండు గంటలు గడిపినా, ముక్కలు ముక్కలుగా గడిపినా తేడా ఏమీ కనిపించలేదట. కాబట్టి విమల గారూ, మీ ఒక్క పూట లెక్కకి సరిపోతుంది.

నెల్లూరు_నిజం

మాస్టారూ, రెండోదాంట్లో మెలిక ఉంది. పార్కుకి వెళ్లడం వల్ల ఆరోగ్యం బాగుందా, ఆరోగ్యం బాగున్నవాళ్లే పార్కుకి వెళ్తున్నారా? మంచం దిగలేనివాడు తోటకి ఎలా వెళ్తాడు? మొదటిదాంట్లో ఏమో 23 జతలు, అంటే 46 మంది. మా ఇంటి పెళ్లిలో ఒక పంక్తికి అంతకంటే ఎక్కువ మంది కూర్చుంటారు.

లెక్కల_మాస్టారు

నిజమే, ఒప్పుకుంటాను. రెండో పరిశోధనలో దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లలోనూ అదే ధోరణి కనిపించింది కానీ, అది కారణాన్ని నిరూపించేది కాదు. మొదటిది చిన్నదే. అయినా జతలు కట్టినప్పుడు వయసు, ఆడా మగా, పొగతాగే అలవాటు లాంటివి సరిపోల్చి కట్టారు. పంక్తిలో అలా కూర్చోబెట్టరు కదా.

నెల్లూరు_నిజం

మా పెదనాన్న కూర్చోబెడతాడు.

విమల_సత్తెనపల్లి

ఇద్దరికీ దండం. నేను అడిగింది బెంచీ గురించి, మీరు పిత్తాశయం దాకా వెళ్లారు. మా అమ్మకి ఇది చదివి వినిపిస్తే "చెట్టు కింద కూర్చుంటే హాయిగా ఉంటుందని చెప్పడానికి ఇంగ్లండ్ దాకా వెళ్లాలా" అంది.

కడియం_మొక్కలబ్బాయి

ఆయ్, అమ్మగారు కరెక్టుగా చెప్పారండి. మాకు మాత్రం రివర్సు. మా ఊళ్లో ఏ వైపు చూసినా నర్సరీలే. పొద్దున లేస్తే మొక్క, రాత్రి పడుకునే ముందు మొక్క. పోయినేడు పెళ్లాం పోరు పడలేక బెంగళూరు టూర్ వెళ్లాం. లాల్‌బాగ్‌లో అందరూ "ఆహా" అంటుంటే నేను ప్రతి పాదు దగ్గరా ఆగి, దీనికి మట్టి మార్చాలి, దీనికి పురుగు పట్టింది, ఇది మా దగ్గరైతే ఎంత పలుకుద్ది అని లెక్కలేసుకున్నానండి. మా ఆవిడ చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేసింది. చివరికి నాకు హాయి ఎక్కడ దొరికిందంటే ఆ తోటలో ఉన్న పెద్ద బండ మీద. మొక్క ఒక్కటి లేదక్కడ. హమ్మయ్య అనుకుని కూర్చున్నాను.

జయనగర్_జాజి

ఈ చర్చ మొత్తంలో ఇదే ఉత్తమ పోస్టు. మొక్కల నుంచి పారిపోయి బొటానికల్ గార్డెన్‌లో బండెక్కిన మొదటి మనిషివి నువ్వే తమ్ముడూ.

బాటనీ_టీచరమ్మ

ఆ బండ తోట కంటే ఎంత పాతదో తెలుసా? సుమారు 300 కోట్ల సంవత్సరాలు. ద్వీపకల్ప నైస్ శిల అంటారు, జాతీయ భూవిజ్ఞాన స్మారకం అని అక్కడ పలక కూడా పెట్టారు. పైన ఉన్న బురుజు కెంపేగౌడ పేరుతో ఉంది. అయితే విమలా, మీ అమ్మగారిని మాత్రం బండ ఎక్కించకు. ఎక్కేటప్పుడు బాగానే ఉంటుంది, దిగేటప్పుడు మోకాళ్ల మీద పడుతుంది బరువంతా. పది దాటితే ఎండకి కాలుతుంది కూడా.

అనంతపురం_ఆసామి

మొక్కలు, బండలు సరే, చెట్టు అంటే మా తిమ్మమ్మ మర్రిమాను. కదిరి దగ్గర. ఒక్క చెట్టు ఐదెకరాల దాకా పరుచుకుంది, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఈ లాల్‌బాగులు అన్నీ దాని ముందు పూలకుండీలు.

లజ్_కార్నర్_మద్రాసు

మర్రి మాట వచ్చింది కాబట్టి అడయారు మర్రిని వదలలేం. దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) వాళ్ల తోటలో ఉంది. 1882లో వాళ్లు అక్కడికి వచ్చేనాటికే అది ముసలి చెట్టు, 450 ఏళ్లంటారు. 1989లో గాలివానకి నడి మాను కూలిపోయింది. అయినా ఊడలన్నీ కొత్త మానులైపోయి చెట్టు అలాగే నిలబడింది. ఆ లోపల కూర్చుంటే పక్కనే మద్రాసు ట్రాఫిక్ ఉందన్న సంగతే మర్చిపోతాం. కాకపోతే బయటివాళ్లని కొన్ని గంటలే రానిస్తారు, వెళ్లేముందు వేళలు కనుక్కోవాలి. తినడానికి, అరవడానికి అది చోటు కాదు. మా మనవడికి నచ్చలేదు, నాకు అందుకే నచ్చింది.

అనంతపురం_ఆసామి

1989లో మీది కూలింది, మాది గిన్నిస్ ఎక్కింది. గమనించారా?

లజ్_కార్నర్_మద్రాసు

రాయలసీమ వాళ్లతో చెట్టు విషయంలో కూడా పెట్టుకోకూడదు.

హోసూరు_హరి

బెంగళూరు శివార్లలో రామోహళ్లి పెద్ద మర్రి కూడా ఉంది, దొడ్డ ఆలద మర అంటారు. మూడెకరాలు, 400 ఏళ్లు అంటారు. కానీ కెంగేరి అవతల. వైట్‌ఫీల్డ్ నుంచి అక్కడికి వెళ్లి రావడమంటే ఆ పూట కాస్తా కారులోనే గడిచిపోతుంది. విమల గారి లెక్కకి పనికిరాదు.

విమల_సత్తెనపల్లి

వద్దు వద్దు. అసలు సంగతి ఎవరూ చెప్పట్లేదు. టాయిలెట్లు? అమ్మకి షుగర్ కూడా ఉంది. ఒక ఊళ్లో, ఏ ఊరో చెప్పను, పార్కులో రెండు తలుపులకీ తాళాలే. కాపలా ఆయన్ని అడిగితే "చెట్లున్నాయి కదమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి అమ్మ పార్కు అంటే నీళ్లు తాగడం మానేస్తుంది. అదింకా ప్రమాదం.

జయనగర్_జాజి

అయ్యో. ఇది చాలామంది ఆడవాళ్ల సమస్య అక్కా, మగవాళ్లకి తట్టదు. నేను చేసేది చెబుతాను. మెట్రో స్టేషన్‌లోనే టాయిలెట్ చూసుకుని బయటికి వస్తాను. తోటలో రెండు గంటలు గడిపి, తర్వాత టిఫిన్‌కి ఏదైనా హోటల్‌కి వెళ్లి అక్కడ మళ్లీ. మధ్యలో నీళ్లు కొంచెం కొంచెం తాగించండి. లాల్‌బాగ్ అయితే టిఫిన్ బెంగ లేదు, 1924 నాటి ఎంటీఆర్ హోటల్ దగ్గర్లోనే ఉంది. కానీ క్యూలో నిలబడాలి, అమ్మకి కుర్చీ దొరికేదాకా మీరు అడ్జస్ట్ అవ్వాలి. షుగర్ ఉన్నావిడని ఆకలితో ఉంచకండి, సంచిలో రెండు ఇడ్లీలు పెట్టుకోండి.

వరంగల్_వాకర్

చెల్లె చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. ఇంకోటి, చిన్న చాప కానీ, మడత కుర్చీ కానీ పట్టుకెళ్లండి. పార్కు బెంచీలు మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి మరీ కిందికి ఉంటయి. కూర్చోవడం కాదు, లేవడం కష్టం. మా నాయన బెంచీ మీద నుంచి లేవలేక "ఇక్కడ్నే ఉంటా, మీరు పోండి" అన్నడు ఒకసారి.

సాఫ్ట్‌వేర్_సన్యాసి

శనివారం వచ్చేటట్టయితే పొద్దున కబ్బన్‌లో ఇంకో వింత చూడొచ్చు. 2023 నుంచి జనం చాపలు వేసుకుని పుస్తకాలు చదువుకుంటారు, ఎవరూ ఎవరితో మాట్లాడరు. వందల మంది ఉంటారు, చప్పుడు ఉండదు. నేను పుస్తకం మొహాన కప్పుకుని పడుకుంటాను, ఎవరూ ఏమీ అనరు. ఆదివారం అయితే లోపలి రోడ్ల మీద బండ్లు రానివ్వరు, అది ఇంకా మేలు. కానీ పిల్లలు, కుక్కలు, సైకిళ్లు అన్నీ ఉంటాయి.

బాటనీ_టీచరమ్మ

1870లో ఆ పార్కు వేసింది శాంకీ అనే ఇంజినీరు. ఎర్రగా కనిపించే ఆ హైకోర్టు భవనం, లైబ్రరీ, అన్నీ చెట్ల మధ్యలోనే ఉంటాయి. నాకు అది తోటలా కాదు, నీడలా అనిపిస్తుంది. చూడటానికైతే లాల్‌బాగ్, ఊరికే ఉండటానికైతే కబ్బన్. ఇంతసేపు సన్యాసితో వాదించాను కానీ విమల అడిగినదానికి అతని జవాబే సరిపోతుంది.

సాఫ్ట్‌వేర్_సన్యాసి

స్క్రీన్‌షాట్ తీసుకున్నాను అండి.

జయనగర్_జాజి

నేను మాత్రం ఒప్పుకోను. లాల్‌బాగ్ మెట్రో స్టేషన్ పక్కనే వెస్ట్ గేట్ ఉంది. ఆ గేటులోంచే లోపలికి, ఆ గేటులోంచే బయటికి అని ముందే నియమం పెట్టుకుంటే ఆవిడ నిరుడు పడ్డ పాట్లేవీ ఉండవు. నాలుగు గేట్ల తోటలో తప్పిపోయేది నాలుగు గేట్లూ వాడదామనుకునేవాళ్లే.

నెల్లూరు_నిజం

జాజి గారు మున్సిపల్ ఎన్నికల్లో నిలబడొచ్చు.

విమల_సత్తెనపల్లి

సరే, నిర్ణయం అయింది. గృహప్రవేశం తర్వాత మంగళవారం పొద్దున. కబ్బన్. జాజి, ఏమీ అనుకోకమ్మా, మెజెస్టిక్‌లో మారడం అనగానే అమ్మ మొహం మాడిపోయింది. వెళ్లొచ్చి రాస్తాను.

లజ్_కార్నర్_మద్రాసు

తప్పకుండా రాయాలి. ఇలాంటి చోట్ల ప్రశ్న అడిగినవాళ్లు మళ్లీ కనిపించరు. జవాబు చెప్పినవాళ్లం ఏళ్ల తరబడి కొట్టుకుంటూ ఉంటాం.

విమల_సత్తెనపల్లి

వెళ్లొచ్చాం. రైల్లో కూర్చుని రాస్తున్నాను.

మెట్రో దిగేసరికి ఏడు దాటింది. మ్యాచ్ లేదు, పండగ లేదు, రెండు సార్లు చూసుకున్నాను. స్టేషన్‌లో పని చూసుకుని (జాజీ, నువ్వు చల్లగా ఉండాలి) లోపలికి నడిచాం. వరంగల్ అన్నగారు చెప్పినట్టు తమ్ముడింట్లోంచి ప్లాస్టిక్ స్టూలు ఒకటి పట్టుకొచ్చాను. మెట్రోలో అందరూ నన్నూ స్టూలునీ మార్చి మార్చి చూశారు. చూస్తే చూశారు.

వెదురు దాకా వెళ్లలేకపోయాం. లోపలికి పది నిమిషాల దూరంలో ఒక పెద్ద చెట్టు కింద అమ్మ ఆగిపోయి "ఇక్కడే" అంది. స్టూలు వేశాను. నేను కింద తువ్వాలు పరుచుకున్నాను. మొదటి పావుగంట గృహప్రవేశంలో ఎవరు ఏ చీర పెట్టారో చెప్పింది. తర్వాత ఉన్నట్టుండి మాటలు ఆగిపోయాయి. నేను ఫోన్ సంచిలో పెట్టేశాను. ఎంతసేపు అయిందో తెలీదు. పక్కన ఒక పెద్దావిడ వచ్చి కన్నడంలో ఏదో అడిగింది. అమ్మకి అర్థం కాక తెలుగులో "ఏంటమ్మా" అంది. ఆవిడ వెంటనే తెలుగులోకి మారిపోయింది! నాలుగు తరాల కింద కోలారు వైపు నుంచి వచ్చారట, ఇంట్లో తెలుగే. ఇంక నేను అక్కడ ఉన్నానన్న సంగతి ఇద్దరూ మర్చిపోయారు. మందుల నుంచి కోడళ్ల దాకా అన్నీ అయ్యాయి. తొమ్మిదిన్నరకి నేనే లేపాను.

హాయిగా ఉందా అంటే, అమ్మకి ఉంది. నాకు సగం, ఎందుకంటే రైలు టైము గురించి మధ్యమధ్యలో టెన్షన్ పడుతూనే ఉన్నాను. తలనొప్పి మాత్రం రాలేదు.

టీచర్ గారికి ఒక ప్రశ్న. ఆ చెట్టు కింద చిన్న చిన్న ఎర్ర గింజలు రాలి ఉన్నాయి. నిగనిగలాడుతూ, పగడాల్లా. గురివింద గింజలా అంటే నల్ల మచ్చ లేదు. అమ్మ పది ఏరి కొంగున కట్టుకుంది. ఏమిటవి?

బాటనీ_టీచరమ్మ

కాయ మెలితిరిగి, ఎండిపోయి గోధుమరంగులో ఉందా? అయితే బండి గురివింద. చెట్టు జాతి, తీగ కాదు. గింజలన్నీ ఇంచుమించు ఒకే బరువు ఉంటాయి కాబట్టి పూర్వం బంగారం తూయడానికి వాడేవాళ్లు. రాలినవే ఏరింది కాబట్టి సరిపోయింది, కొమ్మ తుంచి ఉంటే నేను ఊరుకునేదాన్ని కాదు. పచ్చివి నోట్లో మాత్రం పెట్టుకోవద్దు, పిల్లలకి అందనివ్వద్దు.

సాఫ్ట్‌వేర్_సన్యాసి

రెండేళ్ల నుంచి ఆ పార్కులోనే డబ్బా తింటున్నాను, ఒక్క గింజ కూడా చూడలేదు.

బాటనీ_టీచరమ్మ

పేరు తెలుసుకోనన్నావుగా.

విమల_సత్తెనపల్లి

కాయ మెలితిరిగే ఉంది అండి, ఒకటి కూడా తెచ్చింది. అమ్మ అడుగుతోంది, పెరట్లో పాతితే వస్తుందా అని.

కడియం_మొక్కలబ్బాయి

ఊరికే పాతితే ఏళ్లు పట్టుద్దండి, పెంకు రాయిలా ఉంటది. గింజ ఒక పక్క గరుకు రాయి మీద కొంచెం అరగదీసి, వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి, ఉబ్బినవే పాతమనండి. పెరడు పెద్దదేనా? ఎదిగాక అది చిన్న చెట్టు కాదండి, గోడ పక్కన మాత్రం వద్దు.

విమల_సత్తెనపల్లి

గోడ పక్కన తప్ప చోటు లేదు. మధ్యలో బావి ఉంది. అమ్మ ఆల్రెడీ సీసా మూతలో నీళ్లు పోసి ఆ గింజలు నానేసింది, పక్క బెర్తు ఆయన మందు బిళ్లలు అనుకుంటున్నాడు.